కెమెరా పాఠాలు – 5: దమ్ము చేలో కొంగ, ‘ఎస్’ నుంచి ‘ఎం’కి

పోయిన భాగంలో ‘ఏ’ మోడ్ (కెనాన్‌లో ‘ఏవీ’) చూశాం. ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే కంత) మనం పెడతాం, షట్టర్ (వెలుగు లోపల పడే సమయం) కెమెరా చూసుకుంటుంది. కాలవ గట్టు మీద కూర్చున్న మనిషికి అది చాలు, ఎగిరే కొంగకి చాలదు.

కోనసీమలో సార్వా (వానాకాలపు వరి) దమ్ము, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టి చేను బురదగా దున్నడం, మొదలైతే ట్రాక్టర్ వెంట కొంగలే కొంగలు. సూర్యుణ్ణి వీపుకి పెట్టుకుని గట్టు మీద నిలబడండి. డయల్ ‘ఎస్’కి (షట్టర్ మనం పెట్టే మోడ్, కెనాన్‌లో ‘టీవీ’) తిప్పి షట్టర్ 1/1600 సెకను పెట్టండి. 1/500 దగ్గర ఒళ్లు నిలిచినా రెక్కల కొసలు చెదురుతాయి.

తీసినవి పెద్దవి చేసి చూడండి. బురద మీదుగా పోతున్న కొంగ సున్నం ముద్దలా ఉంటుంది, ఒక్క ఈకా కనబడదు. అదే కొంగ తెల్లటి ఆకాశంలోకి లేస్తే నల్లబడుతుంది. ఎండ మారలేదు, వెనక ఉన్నది మారింది. మీటర్ (కెమెరాలో వెలుగు కొలిచేది) ఫ్రేములో ఉన్నదంతా మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది కాబట్టి బురదకి ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) పెంచింది, ఆకాశానికి తగ్గించింది. కాంపెన్సేషన్ -1 (మీటర్ లెక్క కన్నా వెలుగు సగం) పెడితే బురద దగ్గర కుదురుతుంది, ఆకాశంలో ఇంకా చెడుతుంది.

ఇక్కడే ‘ఎం’ (మాన్యువల్, అన్నీ మనమే పెట్టే మోడ్) కావాలి. నిండు ఎండకి ఫిల్మ్ రోజుల లెక్క ఒకటుంది: ఎపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 100, షట్టర్ 1/100. ఎపర్చర్ ఎఫ్/8కి తెరిస్తే రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి రెట్టింపు) వెలుగు పెరుగుతుంది, షట్టర్ 1/400 అవుతుంది. 1/1600 కావాలంటే ఐఎస్ఓ 400. కొంగ తెలుపు కాబట్టి ఒక స్టాపు తగ్గించి ఐఎస్ఓ 200 చేయండి. పొద్దెక్కాక పనికొచ్చే లెక్క ఇది. పొద్దున్నే, సాయంత్రం ఎండ పలచన, ఐఎస్ఓ పెంచుకోవాలి.

ఆటో ఐఎస్ఓ ఆపడం చాలామంది మర్చిపోతారు. అది ఉంటే ‘ఎం’లో ఉన్నా పెత్తనం మళ్లీ మీటర్‌దే.

హైలైట్ హెచ్చరిక (వెలుగు ఎక్కువై వివరం పోయిన చోట్లని తెర మీద మిణుకుమనిపించేది) పెట్టుకుని, కొంగ వీపు మిణుకుమంటే షట్టర్ 1/2000కి జరపండి. బురద నల్లగా వచ్చినా ఫరవాలేదు. మబ్బు వస్తూ పోతూ ఉంటే మాత్రం ‘ఎం’ మీద పంతం వద్దు, ‘ఎస్’కే రండి.

అభ్యాసం: బురద, కొబ్బరితోట, ఆకాశం, ఈ మూడు నేపథ్యాల్లోనూ ఒక కొంగని ‘ఎస్’లో, ‘ఎం’లో తీసి, ఈకలు ఎక్కడెక్కడ నిలిచాయో పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చే భాగంలో షట్టర్ 1/30కి దించి, గట్టు మీద పోయే మోపెడ్‌తో పానింగ్ (కదిలేదాని వెంట కెమెరా తిప్పుతూ తీయడం).