రాత్రి పొలానికి పోయే లైటు: ఏది కొనాలి, కొనేముందు ఏం చూడాలి

షాపులో టార్చిలైటు అడిగితే ముందు పెద్దదే తీసి చూపిస్తారు. చేతికి బరువుగా తగులుతుంది, డబ్బా మీద కిలోమీటరు దూరం పడుతుందని రాసి ఉంటుంది, బటన్ నొక్కగానే ఎదురు గోడ తెల్లగా మెరుస్తుంది, అంతే, తీసేసుకుంటాం. కానీ మిర్యాలగూడ వైపు వరి మడికి నీళ్లు పెట్టే రైతుకైనా, బత్తాయి తోటలో డ్రిప్పు వాల్వులు తిప్పే మనిషికైనా కిలోమీటరు అవతల ఏముందో అక్కర్లేదు. కాలు పెట్టే చోటు కనపడాలి, స్టార్టర్ డబ్బాలో వైరు కనపడాలి. అందుకే నేను ఎవరడిగినా ఒకటే చెప్తాను: ఆ పెద్ద సెర్చ్‌లైటుకు పెట్టే డబ్బులతో చిన్నవి రెండు తీసుకోండి, ఒకటి తలకు పెట్టుకునేది, ఒకటి చేతిలో పట్టుకునేది.

2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక రాత్రి కరెంటు కోసం బాయికాడ పడుకోవాల్సిన బాధ తగ్గిన మాట నిజమే. చీకట్లో పని మాత్రం పోలేదు. తెల్లవారుజామున పాలు పిండాలి, పొద్దుగూకాక మోటరు ఆగిపోతే ఉరకాలి, కోతలప్పుడు కొనుగోలు సెంటర్లో వడ్ల కుప్పల దగ్గర కాపలా ఉండాలి, మబ్బు పడితే అర్ధరాత్రి లేచి పట్టాలు కప్పాలి.

రెండు లైట్లు ఎందుకని అడుగుతారు. తల లైటు వెలుగు మన కళ్ల పక్క నుంచే పోతుంది కాబట్టి రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, మనకు కనపడదు. నీడ లేకపోతే గుంత, రాయి, పాము అన్నీ చదునుగా ఒకేలా అనిపిస్తాయి. అదే టార్చిని మోకాలి ఎత్తులో పట్టుకుని ముందుకు వేస్తూ నడవండి, చిన్న పెల్లకు కూడా పొడుగు నీడ పడుతుంది. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, రక్తపింజర గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, వాటిని పట్టించేది ఈ నీడే. కాబట్టి నడిచేటప్పుడు చేతి టార్చి, పని చేసేటప్పుడు తల లైటు. రెండు చేతులూ ఖాళీగా ఉండి ఫ్యూజు మార్చడం, పైపు జాయింటు బిగించడం ఎంత సుఖమో, టార్చిని నోట్లో కరుచుకుని పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

వెలుగు సంగతికొస్తే, డబ్బా మీద వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి, అంటే లైటు ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత. నడకకు 100 నుంచి 200 చాలు, పొలం ఆ చివర అడవిపంది చొరబడిందా అని చూడాలంటే 300 పైన ఉంటే మంచిది. తల లైటుకు మాత్రం ఎంత వెలుగుందనేదాని కంటే వెలుగు తగ్గించే బటన్ ఉందా అన్నది ముఖ్యం. ఎర్ర లైటు కూడా ఉంటే ఇంకా మంచిది, తెల్ల వెలుగుకు వచ్చినన్ని పురుగులు దానికి రావు, మొహం మీద ముసురుకోవు.

అసలు డబ్బు పెట్టాల్సింది బ్యాటరీ మీద. బరువుగా ఉండే చవక లైట్లలో చాలావాటికి లోపల 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని పూర్తిగా దిగిపోయేదాకా వాడి నెల రోజులు మూలన పడేస్తే మళ్లీ చార్జి పట్టదు, పంట లేనప్పుడు మన ఇళ్లలో జరిగేది అదే. లిథియం సెల్లు ఉన్నది తీసుకోండి, అదీ మూత తిప్పితే సెల్లు బయటికి వచ్చే రకం. ఆ సెల్లు మీద 18650 అని ఉందో లేదో చూడండి, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. రెండేళ్లకు సెల్లు పోయినా లైటు పారేయక్కర్లేదు, సెల్లు ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇక్కడే మోసం కూడా ఎక్కువ. సెల్లులో ఎంత చార్జి పడుతుందో ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) లెక్కలో రాస్తారు. ఈ సైజు సెల్లులో నిజంగా పట్టేది 2000 నుంచి 3500 ఎంఏహెచ్ దాకా, 9900 అని రాసి ఉంటే ఆ అంకె చూసే పక్కన పెట్టేయండి. ఇంకో పరీక్ష తూకం. మంచి 18650 సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, కిరాణా షాపులో ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టి చూడండి, 30 గ్రాములు కూడా రాకపోతే అందులో సరుకు లేనట్టే. లెక్క కూడా సులువే: 2000 ఎంఏహెచ్ సెల్లు నుంచి లైటు 500 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే సుమారు నాలుగు గంటలు వస్తుంది.

చార్జింగు టైప్-సి ఉంటే ఫోన్ చార్జరే సరిపోతుంది. చవక లైట్లు కొన్ని రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జి కావు, ఒక వైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్ పెడితే ఎక్కుతాయి, చెడిపోయిందని వెంటనే తిరిగివ్వకండి. వెనక నుంచి రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ సాకెట్లో గుచ్చే లైట్లు నాకు అస్సలు నచ్చవు. వాటిలో చాలావాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు నేరుగా సర్క్యూట్ దాకా వస్తుంది. అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే చార్జింగులో ఉన్నప్పుడు తడి చేత్తో ముట్టుకోవద్దు, మూత తీయొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు.

నీళ్లను ఎంత తట్టుకుంటుందో డబ్బా మీద ఐపీఎక్స్ అంకెతో రాస్తారు. వానకు ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులు తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదు. కాలువలో, మడిలో పడే అవకాశం ఉన్న చేతి టార్చికి రెండోది చూడండి. మూత దగ్గర రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి.

లైటుతో పాటు మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు కూడా కొనేయండి. అయితే ఒక జాగ్రత్త ఉంది. వైరులో కరెంటు ఉందో లేదో చూసే స్క్రూడ్రైవర్ లాంటి నియాన్ టెస్టర్ వెలగాలంటే మన ఒంటి గుండా భూమిలోకి కాస్త కరెంటు పోవాలి, పొడి రబ్బరు బూట్లు వేసుకుని నిలబడితే ఆ వెలుగు బాగా తగ్గిపోతుంది, తల లైటు కూడా దాని మీద పడితే అసలు కనపడకపోవచ్చు. వెలగలేదు కదా అని వైరు పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి, తర్వాత మూడు ఫేజులూ చూడండి.

లైటు కొన్న రోజే నిండా చార్జి చేసి, ఫుల్ వెలుగులో వదిలేసి ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి రాసుకోండి, మధ్యలో చేయి పెట్టి సెల్లు ఉన్న చోట పట్టుకోలేనంత కాలుతోందేమో చూడండి. చెప్పిన టైంలో సగం కూడా రాకపోతే బిల్లు, డబ్బా పట్టుకుని మర్నాడే షాపుకు వెళ్లండి, వారం ఆగితే మీరే పాడుచేశారంటారు.