పసిబిడ్డకి ఓఏఈ (వినికిడి) టెస్ట్ చేయిస్తున్నారా? ముందు పాలు పట్టి నిద్రపుచ్చండి

విజయనగరంలో మా చెల్లికి పాప పుట్టిన మర్నాడే చెవి పరీక్ష చేసి ‘రిఫర్’ అని కాగితం చేతిలో పెట్టారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. మా అమ్మమ్మ మాత్రం కంచం మీద గరిటెతో ఠంగుమని కొట్టి, పాప ఉలిక్కిపడగానే "వినబడతంది, ఇంటికి పదండి" అనేసింది. ఆ కంచం పరీక్షని నమ్మకండి. అంత మోతకి కొంత వినికిడి తగ్గిన బిడ్డ కూడా ఉలిక్కిపడుతుంది.

మెల్లటి మాట వినబడాలంటే లోపలి చెవిలో బయటి వరుస రోమకణాలు (శబ్దానికి స్పందించే, సన్నటి వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు) పనిచేయాలి. వాటి గోడల నిండా ప్రెస్టిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, 2000లో శాస్త్రవేత్త పీటర్ డాలోస్ బృందం దాన్ని గుర్తించింది. శబ్దం తగిలి కణంలో వోల్టేజీ మారినప్పుడల్లా ప్రెస్టిన్ ఆకారం మార్చుకుంటుంది, దాంతో కణం మొత్తం పొట్టిగా, పొడుగ్గా అవుతూ, తప్పెటగుళ్లవాళ్లు తాము కొట్టే దరువుకి తామే ఎగిరినట్టు, సెకనుకి వేలసార్లు ఊగి చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తుంది. ఆ ఊపులో కొంత శబ్దం వెనక్కి, చెవి బయటికి కూడా వస్తుంది. చెవే శబ్దం చేస్తుందంటే నేనూ మొదట నమ్మలేదు. 1978లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త దాన్ని రికార్డు చేశాడు. ఓఏఈ మెషిన్ వినేది దాన్నే.

అది చాలా సన్నటి శబ్దం కాబట్టి బిడ్డ ఏడ్చినా, పాలు చప్పరించినా, పక్కన టీవీ మోగినా మెషిన్‌కి దొరకదు. కడుపు నిండా పాలు పట్టి, నిద్రపోయాకే తీసుకెళ్లండి. పుట్టిన మొదటి రోజు చెవిలో తడి, తెల్లటి జిడ్డు ఉండి శబ్దానికి దారి మూసేస్తాయి, అందుకే వీలైతే ఒకటి రెండు రోజులు ఆగి చేయమనండి. రిఫర్ అంటే చెవుడు అని కాదు, మళ్లీ చూడాలని. మా పాపకి రెండు వారాల తర్వాత చేస్తే రెండు చెవులూ పాస్.

రెండోసారి కూడా రిఫర్ వస్తే మాత్రం "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని కూర్చోకుండా మూడు నెలల్లోపు బెరా టెస్ట్ (శబ్దం చెవి నుంచి నరం ద్వారా మెదడుకి చేరుతుందో లేదో చూసే పరీక్ష) చేయించండి, లోపం తేలితే ఆరో నెలకల్లా చికిత్స మొదలవ్వాలి. ఐసీయూలో అయిదు రోజులు దాటి ఉన్న పిల్లలకి ఓఏఈ పాస్ అయినా బెరా అడగండి, ఎందుకంటే రోమకణాలు బాగుండి వినికిడి నరంలో లోపం ఉంటే ఓఏఈ పట్టుకోలేదు. కాగితంలో కుడి, ఎడమ విడివిడిగా రాస్తారు, ఒక్క చెవికి రిఫర్ అని ఉన్నా వదిలేయకండి.