విండోస్ 11కి మారాక సిస్టమ్ ఆన్ అవడం లేటవుతోందా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, అందుకే మన నల్లగొండలో నెట్ సెంటర్ల వాళ్లు, డిగ్రీ పిల్లలు 11కి మారి, ఇప్పుడు సిస్టమ్ లేటుగా లేస్తోందని టెన్షన్ పడుతున్నారు. వెంటనే ఫార్మాట్ కొట్టించకండి. మొదట్లో ఇండెక్సింగ్ (ఫైళ్లు త్వరగా వెతకడానికి సిస్టమ్ లిస్ట్ తయారుచేసుకోవడం), అప్‌డేట్లు వెనకాల నడుస్తుంటాయి, ఒకట్రెండు రోజులు చూడండి.

తగ్గకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్ యాప్స్‌లోకి వెళ్లి స్టార్టప్ ఇంపాక్ట్ (ఆన్ అవడాన్ని ఎంత లేట్ చేస్తుందో) 'హై' అని చూపించేవాటిలో అక్కర్లేనివన్నీ డిజేబుల్ చేసేయండి. యాంటీవైరస్ జోలికి మాత్రం పోవద్దు.

అక్కడే పర్ఫార్మెన్స్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఆగిపోయి, పక్కన హెచ్‌డీడీ (పాత రకం హార్డ్ డిస్క్) అని ఉంటే అసలు జబ్బు అదే. డేటా బ్యాకప్ తీసుకుని ఎస్‌ఎస్‌డీ (దానికన్నా స్పీడ్‌గా పనిచేసే డిస్క్) వేయించండి, ర్యామ్ కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దీనిమీదే.