వరంగల్‌లో కూర్చొని డ్యాన్స్ ట్రాక్ చేయాలంటే, ముందు స్ట్రోమాయెని వినండి

మనం ఇళయరాజాను మేస్ట్రో అంటాం కదా, బ్రస్సెల్స్‌లో పాల్ వాన్ హావెర్ అనే కుర్రాడు ఆ మాటనే తిరగేసి స్ట్రోమాయె అని పేరు పెట్టుకున్నాడు. 2009లో ఒక రేడియోలో ఇంటర్న్‌గా ఉంటూ తను చేసిన ఫ్రెంచ్ పాట 'అలోర్ ఆన్ దాన్స్' అక్కడివాళ్లకు వినిపించాడు, వాళ్లు వేశారు, 2010లో అది ఫ్రాన్స్‌లోనే కాదు జర్మనీలో కూడా నంబర్ వన్. ఫ్రెంచ్ ముక్క రానివాళ్లు కూడా ఎగిరారు. మరి మనం నోట్లో ఆడే హిందీ హుక్ లైన్ కోసం దేవులాడటం ఎందుకు?

ల్యాప్‌టాప్ ఉంటే పాట కట్టే సాఫ్ట్‌వేర్ ఎల్ఎంఎంఎస్ ఉచితం, ఫోనే ఉంటే బ్యాండ్‌ల్యాబ్ యాప్ చాలు. టెంపో 120 పెట్టండి, అంటే నిమిషానికి 120 దెబ్బలు. ప్రతి దెబ్బకీ కిక్, అంటే గుమ్మనే పెద్ద డ్రమ్ము, రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా చప్పట్లు, కిక్కుల మధ్యలో హై-హ్యాట్ అనే తాళాల చప్పుడు. తీన్మార్ మీద పెరిగిన ప్రాణాలు కాబట్టి ఇది చప్పగా అనిపిస్తుంది, వెంటనే డప్పు తెచ్చి కుమ్మాలనిపిస్తుంది. ఆగండి. నాలుగు దెబ్బలు ఒక బార్, అలాంటి ఎనిమిది బార్లు, అంటే 16 సెకన్లు, ఉత్త కిక్ నడవనిచ్చి అప్పుడు డప్పు దింపండి.

చప్పట్లు మాత్రం డౌన్‌లోడ్ చేయకండి. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గరికి పోయి, డీజే బాక్సులకు దూరంగా నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. అంతమంది చేతులు ఒక్కసారే పడవు, వెంట్రుకవాసి ముందూ వెనకా పడతాయి, ఆ తేడాలోనే ఉంది మజా.

ఇక మాటలు. 'అలోర్ ఆన్ దాన్స్'లో చదువు, పని, అప్పు, విడాకులు, చావు అన్నీ వరసగా వస్తాయి, సరే ఆడదాం పదండి అంటాడు. బతుకమ్మ పాటల్లో అత్తింటి కష్టాలు చప్పట్ల మీదే చెప్పుకున్నోళ్లం, మనకిది కొత్తేం కాదు. దుబాయ్ నుంచి నాన్న చేసే ఫోనో, రాని ఉద్యోగ నోటిఫికేషనో, మీ ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి. పాడేటప్పుడు ఫ్యాన్ ఆపి, నెత్తి మీద దుప్పటి కప్పుకోండి. చెమటలు పడతాయి, తప్పదు.

నేను దెబ్బతిన్నది మిక్సింగ్ దగ్గర, అంటే గొంతూ వాయిద్యాలూ సరిపాళ్లలో కలిపేచోట. ఇయర్‌ఫోన్స్‌లో అదిరిపోయిందని మా బావ బరాత్‌లో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. గుమ్ గుమ్ తప్ప ఒక్క మాట లేదు. డీజే అన్న నిమిషం ఓపిక పట్టి, "తమ్మీ, ఏం పాడుతున్నడో సమజైతలేదు" అని తన పాట వేసుకున్నాడు. అప్పట్నుంచి గొంతులోనూ కీబోర్డ్‌లోనూ 120 హెర్ట్జ్ కింద ఉన్న గుమ్ గుమ్ మోతంతా కోసేస్తున్నాను, బేస్‌ని మోనోలో, అంటే రెండు బాక్సుల్లోనూ ఒకేలా వచ్చేట్టు ఉంచుతున్నాను, బాక్సుల మీద ఒకసారి వినకుండా ఎవరికీ ఇవ్వట్లేదు.

జానపదం తీసుకుంటే పాట ఎవరిదో కనుక్కోండి, లేదంటే కాపీరైట్ క్లెయిమ్ పడి డబ్బులు అటే పోతాయి. డ్రోన్ షూట్‌కి అప్పు చేయకండి. 2013లో స్ట్రోమాయె 'ఫర్మిదాబ్లె' వీడియోను బ్రస్సెల్స్ ట్రామ్ స్టాప్‌లో తాగినట్టు నటిస్తూ, దాచిన కెమెరాలతో తీశాడు. అంతకుముందు పాట ఎలా కడతాడో చూపించే వీడియోలు కూడా 'పాఠాలు' అని యూట్యూబ్‌లో పెట్టేవాడు. మీరూ పాట కంటే ముందు ఆ బతుకమ్మ చప్పట్లు బీట్‌గా మారే 30 సెకన్ల వీడియో పెట్టండి.