పాత కారు సస్పెన్షన్ బోల్టు రావట్లేదా? ముందు ఎక్కడ పట్టిందో చూడండి

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చెయ్యి) బుష్, అంటే దాని కీలులో ఉండే రబ్బరు దిమ్మ, మార్చడం పెద్ద పనేమీ కాదు. బోల్టు బిగుసుకుపోతేనే పూట పని కాస్తా రెండు రోజుల పని అవుతుంది. అప్పుడు చాలామంది పానాకు ఇనప పైపు తొడిగి, బలం కొద్దీ లాగేస్తారు. దాంతో బోల్టు తల తెగుతుంది. లేదంటే ఛాసిస్ (బండి చట్రం) లోపల వెల్డ్ చేసి ఉన్న నట్టు ఊడిపోతుంది. ఆ రెండో నష్టం బుష్ ఖర్చు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

బోల్టు రెండు చోట్ల పట్టొచ్చు: నట్టు మరల (థ్రెడ్ల) దగ్గర, లేదా బుష్ మధ్యలో ఉండే ఇనప గొట్టంలో. మరల దగ్గర పట్టినదానికి నూనె, వేడి పనిచేస్తాయి. గొట్టంలో పట్టినదానికి నట్టు మీద ఎంత నూనె పోసినా దండగే. కాబట్టి బలం పెట్టకముందే అది ఎక్కడ పట్టిందో తేల్చుకోవాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో తిరిగిన మారుతి 800, జెన్, ఎస్టీమ్ లాంటి బండ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఉప్పుగాలి తేమను పట్టి ఉంచుతుంది, ఇనుముకు తుప్పు త్వరగా ఎక్కుతుంది. హైదరాబాద్ బండి కాస్త నయమే, కానీ వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో నడిచిన బండికి ఆ భరోసా లేదు. అమెరికాలో మిషిగన్, ఒహాయో వైపు ఉండే మనవాళ్ల కార్లకు చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు ఇదే పని ఇంకా వేగంగా చేస్తుంది.

తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టుకీ బుష్ గొట్టానికీ మధ్య ఉండే సందు చాలా సన్నం. నీళ్లు అందులోకి దిగి తుప్పు పుడితే ఆ సందు నిండిపోతుంది, ఆపైన గట్టిగా ఒత్తడం మొదలవుతుంది. పైకి బోల్టు తల శుభ్రంగా కనిపిస్తున్నా లోపల అతుక్కుపోయి ఉండటానికి కారణం ఇదే.

మొదలుపెట్టే ముందు

బండిని జాకీ మీద మాత్రమే ఆపి కిందికి దూరకండి. గట్టి నేల మీద జాకీ స్టాండ్లు పెట్టండి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు వేయండి. పొడవైన పానా లాగితే ఆ ఊపు బండి మొత్తానికీ తగులుతుంది, స్టాండు మీద నుంచి జారే ప్రమాదం ఉంటుంది. అందుకే బాగా బిగుసుకున్న నట్లను, కుదిరితే, చక్రాలు నేల మీద ఉండగానే మొదటి కదలిక వచ్చేదాకా వదులు చేసుకోవడం మంచిది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. తుప్పు పెళ్లలు సూటిగా కళ్లలోకే రాలతాయి. లోయర్ ఆర్మ్ మీదే స్ప్రింగ్ కూర్చునే బండి అయితే, ఆర్మ్ కింద జాకీ ఆన్చకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు.

నట్టు అస్సలు కదలట్లేదు

ఇది మరల తుప్పు. నట్టు బయట మిగిలిన మరలను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. ఈ పని ఎవరూ సరిగ్గా చేయరు, కానీ సగం ఫలితం ఇక్కడే ఉంది. మట్టి, తుప్పు పొడి ఉన్న మరల మీదుగా నట్టు వస్తే దారిలో మళ్లీ పట్టేస్తుంది. తర్వాత తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. డబ్ల్యూడీ-40 అందరికీ తెలిసిన డబ్బా. అయితే దాన్ని ప్రధానంగా తేమను తొలగించడానికి తయారు చేశారు. బాగా పట్టిన బోల్టుకు, లోపలికి ఇంకడానికే తయారైన పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. మెకానిక్కులు వాడే డీజిల్, కిరోసిన్ కూడా ఇంకుతాయి, టైం ఎక్కువ పడుతుంది. ఏది వాడినా బ్రేక్ డిస్క్ మీద, ప్యాడ్ల మీద పడనివ్వకండి.

మర్నాడు ఆరు మూలల సాకెట్ తీసుకోండి. పన్నెండు మూలలది, అందులోనూ అరిగినది, నట్టు మూలలను గుండ్రం చేసేస్తుంది. ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పండి. "టక్" మని విరిగిన శబ్దం వస్తే తుప్పు పగిలినట్టే. అప్పుడు విప్పే వైపు తిప్పండి. పావు చుట్టు విప్పి, అందులో సగం మళ్లీ బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పండి. గట్టిగా తగిలిన చోట ఆగి వెనక్కి వెళ్లాలి. బండి కింద పడుకుని పని చేస్తున్నప్పుడు దిక్కులు తారుమారవుతాయి. నట్టుకు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని చూస్తే, గడియారం ముల్లుకు వ్యతిరేక దిశే విప్పే దిశ.

అప్పటికీ రాకపోతే వేడి. నట్టునే వేడి చేయాలి, బోల్టును కాదు. 12 ఎంఎం రంధ్రమున్న ఇనప నట్టు 400 డిగ్రీల మేర వేడెక్కితే రంధ్రం సుమారు 0.06 ఎంఎం పెద్దదవుతుంది. వినడానికి చిన్న అంకె, కానీ తుప్పు పట్టు వదలడానికి అది సరిపోతుంది. కాస్త చల్లారాక మైనం ముక్క ఆనిస్తే కరిగి మరల్లోకి దిగుతుంది. ఎర్రగా కాలిన నట్టు మీద స్ప్రే మాత్రం కొట్టొద్దు, మంట అంటుకుంటుంది.

వేడి పెట్టే చోట ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. బ్రేక్ క్లీనర్లలో కొన్ని క్లోరిన్ ఉన్న ద్రావకాలతో తయారవుతాయి. అవి తడిగా ఉన్న ఇనుము మీద మంట గానీ వెల్డింగ్ గానీ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ డబ్బా వాడిన చోట మంట జోలికి వెళ్లకండి. బ్రేక్ హోస్, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు, షాకప్, పెట్రోల్ పైపు పక్కన ఉంటే గ్యాస్ మంట వద్దే వద్దు. అలాంటి చోటికి ఇండక్షన్ హీటర్ (మంట లేకుండా కరెంటుతో వేడి చేసేది) ఉన్న వర్క్‌షాప్ వెతకడం నయం.

నట్టు వచ్చేసింది, బోల్టు మాత్రం తిప్పి వదిలితే స్ప్రింగులా వెనక్కొస్తోంది

ఇదే అసలు తలనొప్పి. తల తిప్పితే కాస్త తిరుగుతుంది, వదిలితే మళ్లీ మొదటి చోటికే వస్తుంది. సుత్తితో కొడితే రబ్బరు మెత్తగా ఊగుతుందే తప్ప బోల్టు జరగదు. బోల్టు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయింది, మీరు తిప్పుతున్నది రబ్బరునే. మన పాత మారుతీల్లో ముందు లోయర్ ఆర్మ్ బోల్టు దగ్గరా, వెనక ట్రెయిలింగ్ లింకుల (వెనక ఇరుసును బండికి కలిపే కడ్డీల) పొడవు బోల్టుల దగ్గరా ఎదురయ్యేది ఎక్కువగా ఇదే.

కొట్టాలనుకుంటే ముందు నట్టును తిరిగి ఎక్కించి, దాని అంచు బోల్టు కొనతో సమానంగా వచ్చేలా ఉంచండి. అప్పుడు మరలు చితకవు. బరువైన సుత్తితో కొద్ది దెబ్బలే వేయండి. చిన్న సుత్తితో వంద దెబ్బలు వేస్తే కొన పుట్టగొడుగులా విచ్చుకుని, ఆపైన రంధ్రంలోంచి రానే రాదు. ఇంపాక్ట్ గన్ (కుదుపులతో తిప్పే మెషిన్ పానా) ఉంటే తక్కువ స్థాయిలో అటూ ఇటూ తిప్పి చూడండి. దాని అదురుకు తుప్పు పగలొచ్చు. అయితే బోల్టు అవతలి కొన ఛాసిస్‌కు వెల్డ్ చేసిన నట్టులోకి వెళ్తుంటే, అది మరల్లోంచి కొంచెమైనా కదిలిందని తేలాకే గన్ వాడండి.

పది, పదిహేను నిమిషాల ప్రయత్నానికి లొంగకపోతే, కోసేయడమే నా సలహా. బుష్ ఎలాగూ పారేసేదే, బోల్టు కొత్తది దొరుకుతుంది. బ్రాకెట్‌కీ బుష్ గొట్టానికీ మధ్య సందులో రెసిప్రొకేటింగ్ సా (ముందుకూ వెనక్కూ కదిలే మెషిన్ రంపం) బ్లేడు గానీ, పలుచని కటింగ్ వీల్ గానీ దించి రెండు వైపులా కోస్తే ఆర్మ్ కింద పడుతుంది. బ్లేడు బ్రాకెట్‌కు తగలకుండా, బుష్ వైపే ఆనించి కోయాలి. బుష్‌ను గ్యాస్ మంటతో కాల్చే పద్ధతి చాలా షాపుల్లో కనిపిస్తుంది. రబ్బరు పొగ మంచిది కాదు, మంట బయటికి చిమ్ముతుంది, పైగా పక్కనున్న పెయింటు, సీలెంటు కాలిపోయి రేపటి తుప్పుకు దారి పడుతుంది. నేనైతే వద్దంటాను.

బోల్టు ఊరికే తిరుగుతోంది, బయటికి రావట్లేదు

తల సులువుగా, ఎంతసేపైనా తిరుగుతుంటే లోపలి వెల్డ్ నట్టు ఊడిందని అర్థం. ఇక తిప్పడం ఆపండి. నట్టు ఉన్న పెట్టె లాంటి భాగానికి ఏదైనా రంధ్రం ఉంటే అందులోంచి పానా దూర్చి పట్టుకోవచ్చు. లేకపోతే నట్టుకు ఎదురుగా చిన్న కిటికీ కోసి, పని అయ్యాక నట్టును మళ్లీ వెల్డ్ చేసి, కిటికీ మూసి, రస్ట్ ప్రైమర్ పూయాలి. ఇది అనుభవమున్న వెల్డర్ చేయాల్సిన పని. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైరు తీసేయండి.

నట్టు మూలలు గుండ్రమైపోతే

కాస్త చిన్న సైజు సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించండి. అదీ జారితే ఆ పాడైన నట్టు మీద ఇంకో నట్టు పెట్టి లోపల వెల్డ్ చేయండి. పట్టు దొరకడమే కాదు, ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. వైస్‌గ్రిప్‌తో కుస్తీ పడితే మిగిలిన కాస్త మూలలు కూడా పోతాయి.

మూడు బోల్టుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త

బాల్ జాయింట్‌ను (ఆర్మ్ చివర ఉండే గుండ్రటి కీలును) నకిల్‌లో, అంటే చక్రం బిగించి ఉండే ఇనప భాగంలో, బిగించే పించ్ బోల్టు, జాయింట్ కాడకు ఉన్న గాడిలోంచి వెళ్తుంది. వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీస్తేనే జాయింట్ ఊడుతుంది. ఇది తెలియక కింది నుంచి సుత్తితో బాది నకిల్‌నే పాడుచేస్తారు. బోల్టు వచ్చాక, నకిల్ చీలికలో ఉలి మెల్లగా దించి కొద్దిగా తెరిస్తే కాడ జారుతుంది. ఎక్కువ తెరిస్తే నకిల్ పగులుతుంది.

షాకప్‌ను నకిల్‌కు కలిపే బోల్టులకు చాలా బండ్లలో తల కింద పళ్లు ఉంటాయి. వీటిని తల వైపు నుంచి తిప్పకూడదు. తలను పట్టుకుని నట్టునే తిప్పాలి, తర్వాత బోల్టును నేరుగా వెనక్కి కొట్టాలి. విప్పేముందు షాకప్, నకిల్ ఉన్న తీరును గీతతో గుర్తు పెట్టుకోండి.

స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపే రాడ్) నట్టుతో పాటు బాల్ కాడ కూడా తిరిగిపోతుంటే, కాడ చివర అలెన్ కీ గుంట ఉందేమో చూడండి. ఆ గుంట తుప్పుతో పూడిపోతే గ్రైండర్‌తో కోసేయండి, దాని మీద టైం పెట్టడం వృథా.

తిరిగి బిగించేటప్పుడు

వేడి తగిలిన బోల్టునూ, గట్టిగా కొట్టించుకున్న బోల్టునూ మళ్లీ వాడొద్దు. సస్పెన్షన్ బోల్టులను గట్టిపరిచిన ఉక్కుతో చేస్తారు, మంటకు ఆ గట్టిదనం పోతుంది. తల మీద ఉన్న అంకెలు చూసి అదే గ్రేడు కొనండి. 8.8 అంటే తెగకుండా తట్టుకునే బలం 800 మెగాపాస్కల్స్, 10.9 అంటే 1000. హార్డ్‌వేర్ షాపులో గ్రేడు రాయని బోల్టు ఇస్తే తీసుకోకండి. మరల మధ్య దూరం కూడా కలవాలి. పాత బోల్టు వెంట తీసుకెళ్లి, కొత్తదాని మరల పక్కన ఆనించి చూస్తే తేడా తెలుస్తుంది.

బోల్టు నడుముకు, అంటే బుష్ గొట్టంలో ఉండే భాగానికి, యాంటీ సీజ్ పేస్టు (ఇనుము అతుక్కుపోకుండా చేసేది) పలుచగా పూయండి. మరలకు పూయొద్దు. మరల రాపిడి తగ్గితే టార్క్ రెంచ్ (బిగించే బలాన్ని కొలిచే పానా) చూపే అంకె అదే అయినా బోల్టు అంతకంటే ఎక్కువ సాగుతుంది.

బుష్ బోల్టులను చివరిసారి బిగించేది బండి బరువు చక్రాల మీద పడ్డాకే. ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఆ మెలితోనే ఉండి త్వరగా చిరుగుతుంది. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించి, కొన్ని కిలోమీటర్లు నడిపాక మరోసారి పానా పెట్టి చూసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి.