నవాయీలో ఒక పూట దిగాలంటే

మా అమ్మాయి ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్‌లో మెడిసిన్ చదువుతోంది. దాన్ని చూడ్డానికి వెళ్ళి, బుఖారా వెళ్ళే దారిలో నవాయీలో దిగాను. మీరూ దిగాలనుకుంటే పొద్దున్నే రైలెక్కండి. వేసవిలో కిజిల్‌కుమ్ ఎడారి ఎండ మన రామగుండాన్ని మరిపిస్తుంది.

ఊళ్ళో పాత కోటల కోసం వెతక్కండి. 1958లో పుట్టిన పారిశ్రామిక నగరం ఇది. గనుల సంస్థ, ఎరువుల ఫ్యాక్టరీ, వరసగా అపార్ట్‌మెంట్లు. పేరు మాత్రం 15వ శతాబ్దపు కవి అలీషేర్ నవాయీది!

అసలు చూడాల్సింది ఊరి బయట, బుఖారా రోడ్డు మీద ఉన్న రబాతి మాలిక్. 11వ శతాబ్దపు సత్రం; ఇప్పుడు ఇటుకల సింహద్వారం, పునాదులే మిగిలాయి. అంతటితో వెనక్కి వచ్చేయకండి. రోడ్డుకు అవతల సర్దోబా ఉంది. మన మెట్ల బావికి గుమ్మటం కట్టినట్టుంటుంది. ఒంటెల బిడారులకు అదే నీళ్ళ ఆధారం. నాకైతే ద్వారం కంటే అదే నచ్చింది.

టాక్సీ రానూపోనూ, వెయిటింగ్ కలిపి ముందే మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోక లారీల దుమ్ములో గంటసేపు నిలబడ్డాను.

శాకాహారులైతే ‘గోష్త్‌సిజ్’ అనండి, అంటే మాంసం లేకుండా అని. హైదరాబాద్ వాళ్ళకు సగం మాట ముందే తెలుసు. అయినా సూప్‌లో ఒకసారి గరిటె తిప్పి చూసుకోండి.