పాత కుట్టు మిషన్ పాఠాలు - 3: బిగుసుకున్న చక్రం, ఖాళీ పెడల్

పోయిన పాఠంలో మిషన్‌కు అన్ని వైపులా ఫొటోలు తీసుకోమన్నాను, పైదుమ్ము దులపమన్నాను, సూది తీసి పక్కన పెట్టమన్నాను. ఆ మూడూ చేయకుండా ఇక్కడికి వచ్చినవాళ్ళు ముందు అవి చేసి రండి. ముఖ్యంగా సూది. ఈ రోజు చక్రాన్ని అటూ ఇటూ చాలా ఆడిస్తాం, సూది ఉంటే విరిగి ముక్క లోపల పడుతుంది.

ఇప్పుడు మిషన్ కుడివైపున చేత్తో తిప్పే చక్రం మీద చెయ్యి వేయండి. కదలడం లేదు కదా? పది పాత మిషన్లు తెస్తే వాటిలో సగం ఇలాగే ఉంటాయి. చాలామంది ఇక్కడే పాడైపోయిందని తేల్చేసి మూలన పెట్టేస్తారు. నిజానికి లోపల ఏదీ విరిగి ఉండదు. ఎప్పుడో వేసిన నూనె ఏళ్ళ తరబడి గాలి తగిలి చిక్కబడి, వార్నిష్ లాగా ఎండి, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉన్న వెంట్రుకంత సందులో జిగురైపోయింది, అంతే. మిషన్ ఆయిల్ అయిపోయిందని ఎవరో వంటనూనె వేసి ఉంటే ఇంకా ఘోరం, అది త్వరగా ఎండుతుంది, గట్టిగా పట్టుకుంటుంది.

ఈ జిగురును చూసి తుప్పు అనుకుంటారు. రెండూ గోధుమరంగే కాబట్టి పొరపాటు సహజం. తేడా తెలియాలంటే దూదికి కాస్త కిరసనాయిలు అద్ది ఆ చోట అర నిమిషం రుద్దండి. దూది పసుపుగానో టీ రంగులోనో అయి కింద మెరిసే ఇనుము బయటపడితే అది నూనె. గరుకుగా, గుంటలు గుంటలుగా తగిలి దూది ఇటుక రంగుకు మారితే తుప్పు. నా చేతికి వచ్చినవాటిలో తుప్పు అనుకున్నది ఎక్కువసార్లు నూనే అయింది.

ఎక్కడ పట్టేసిందో కనుక్కోకుండా మిషన్ అంతా కిరసనాయిలు కుమ్మరించకండి. ముందు చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ళను, అదే బాబిన్ (కింది దారం ఉండే చిన్న చుట్ట) చుట్టేటప్పుడు వదులు చేసే దాన్ని, మీ వైపుకు తిప్పి వదులు చేయండి. (దాని మీద చిన్న స్క్రూ ఉంటే ముందు దాన్ని కాస్త వదలండి.) ఇప్పుడు చక్రం ఒక్కటే గిర్రున తిరిగి, లోపలి షాఫ్ట్, అంటే చక్రం తిప్పే కడ్డీ, కదలకపోతే చక్రానికి జబ్బేమీ లేదు, పట్టింది లోపల. చక్రం కూడా తిరగకపోతే పట్టు అక్కడ కూడా ఉంది. ఎన్నోసార్లు చక్రం వెనక షాఫ్ట్‌కు చుట్టుకున్న పాత దారం కనిపిస్తుంది, ఒక్కో పోగూ కత్తిరించి పట్టకారుతో లాగాలి. బాబిన్ చుట్టే చిన్న చక్రం పెద్ద చక్రానికి ఆనుకుని ఉండిపోయిందేమో కూడా చూడండి. చిన్న విషయమే గానీ నేను ఒకసారి గంటసేపు తల పట్టుకున్నాక అదే తేలింది.

తర్వాత షటిల్, అంటే పైదారాన్ని కింది దారంతో కలిపే భాగం. బాబిన్ కేస్ తీసేయండి. దాని వెనక షటిల్ తిరిగే గాడి ఉంటుంది, అక్కడ ఇరుక్కున్న దారం ముక్క ఒక్కటి చాలు మొత్తం మిషన్‌ను ఆపడానికి. గుండ్రటి బాబిన్ ఉండే '15 తరగతి' అనే రకం మిషన్లలో గాడి మూతను కొన్నిటికి చిన్న కొక్కేలు పట్టి ఉంచుతాయి, కొన్నిటికి స్క్రూలు. విప్పి, షటిల్‌ను బయటికి తీసి, గాడిని గుడ్డతో తుడవండి. పొడుగ్గా పడవలా ఉండే షటిల్ అయితే పైనున్న జారుడు ప్లేట్లు తెరిస్తే కనిపిస్తుంది, సన్నగా పొడుగ్గా ఉన్న బాబిన్‌తో సహా బయటికి వస్తుంది. ఇంతవరకు చేసి మళ్ళీ చక్రం తిప్పి చూడండి. ఇక్కడే వదిలేసిందంటే మీ అదృష్టం, మిగతాది చదివి నవ్వుకోండి.

వదలలేదా, అయితే తల దించాలి. తల అంటే టేబుల్ పైనున్న మిషన్ భాగం. బెల్ట్ ఉంటే ముందు తీసేయండి. తలను వెనక్కి వాల్చే ముందు టేబుల్‌కు పట్టి ఉంచిన రెండు బందుల స్క్రూలు గట్టిగా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి, అవి వదులుగా ఉంటే వాల్చిన మరుక్షణం తల బందుల్లోంచి జారి పాదాల మీద పడుతుంది. పోత ఇనుము, పది కిలోలకు పైనే ఉంటుంది, నవ్వులాట కాదు. వెనక్కి వాల్చి, ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఆ స్క్రూలు వదిలి, రెండు చేతులతో ఎత్తి, పాత పళ్ళెంలో గుడ్డలు పరిచి పడుకోబెట్టండి. మొదటిసారి ఇంకొకరి సాయం తీసుకోండి.

ఇప్పుడు కిరసనాయిలు. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా. ఇంకు ఫిల్లర్‌తో గానీ సూది తీసిన సిరంజితో గానీ ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి చోటా ఒక్కో బొట్టు. పైభాగంలో ఉన్న నూనె రంధ్రాలు, ఎడమవైపు ముఖం ప్లేటు విప్పితే కనిపించే సూది కడ్డీ, ఫుట్ (బట్టను నొక్కిపట్టే పాదం) కడ్డీ, కింద అడ్డంగా పోయే రెండు కడ్డీల చివర్లు, బట్టను నడిపే పళ్ళ కింద కదిలే భాగాలు. ఈ పళ్ళ దగ్గర కాస్త ఆగి చూడండి. అవి పైకి లేస్తాయి, బట్టను ముందుకు తోస్తాయి, కిందికి దిగుతాయి, వెనక్కి వస్తాయి. నాలుగు కదలికలు. అలెన్ విల్సన్ అనే ఆయన 1854లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటి కరెంటు మిషన్లలోనూ బట్ట నడిచేది అలాగే. ఇన్ని కదలికలు ఒకే చోట కాబట్టి జిగురు కూడా అక్కడే ఎక్కువ, దూది పీచు కలిసి గట్టి నమదాలా అట్టకట్టి ఉంటుంది. పళ్ళ పైనున్న ప్లేటు విప్పి పుల్లతో గీకి తీయండి.

కిరసనాయిలు ఇనుము మీదే. బంగారు రంగు పువ్వులు, అక్షరాల మీద పడితే వెంటనే అద్ది తుడిచేయండి. స్పిరిట్, శానిటైజర్ లాంటివైతే ఆ దరిదాపులకు కూడా తేవద్దు, నల్లరంగు మీద పూసే లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, దాంతోపాటు బొమ్మలూ పోతాయి. నా మొదటి మిషన్ పేరులో చివరి మూడు అక్షరాలు లేవు. తళతళలాడాలని నేనే తుడిచేశాను.

బొట్లు వేశాక ఒక గంట వదిలేయండి. తర్వాత చక్రం మధ్య బిళ్ళ మళ్ళీ బిగించి, చక్రం అంచు మీద సుద్దతో ఒక గీత, దాని ఎదురుగా మిషన్ ఒంటి మీద ఇంకో గీత గీయండి. ఇప్పుడు చక్రాన్ని అటూ ఇటూ ఆడించండి, చేతులతోనే, పట్టకారు గానీ సుత్తి గానీ ముట్టుకోకూడదు. మొదట ఆ గీత నువ్వుగింజంత జరుగుతుంది. మీకు కదలలేదనే అనిపిస్తుంది, సుద్దగీత చూస్తే తెలుస్తుంది. ఆ నువ్వుగింజంత కదలికే కావాల్సింది, అది ఉంటే కిరసనాయిలు లోపలికి దిగుతుంది. ఇంకో బొట్టు, ఇంకో గంట. సాయంత్రానికి వేలెడంత. కదలకుండా మొండికేస్తే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వాడొచ్చు, కానీ కిరసనాయిలు వేసిన చోట కాదు, వేయకముందే, లేదా పూర్తిగా తుడిచి ఆరాక. వేడికి పాత నూనె మెత్తబడుతుంది. ముఖం ప్లేటు దగ్గర ఇది బాగా పనిచేస్తుంది.

ఒక రోజులో వదిలేవి ఉన్నాయి, వారం తీసుకున్నవీ ఉన్నాయి. బలం పెడితే త్వరగా అవుతుందని అనిపించినప్పుడు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోండి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది.

ఈలోగా ఊరికే కూర్చోకుండా కాళ్ళకు పని చెబుదాం. తల పళ్ళెంలో ఉంది, బెల్ట్ లేదు, కింద పెద్ద చక్రం, పెడల్, రెండిటినీ కలిపే కడ్డీ మాత్రమే ఉన్నాయి. తొక్కడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు, దారం తెగదు, బట్ట పాడవదు. ముందు కడ్డీ రెండు చివర్లకు, పెడల్ ఇరుసులకు మిషన్ ఆయిల్ వేయండి. పెడల్‌కు రెండు పక్కలా మొనదేలిన స్క్రూలుంటాయి, బాగా బిగిస్తే కాలు బరువెక్కుతుంది, వదులైతే టకటకమని చప్పుడు. చప్పుడు పోయే దాకా బిగించి, పెడల్ బరువుగా అనిపించిన చోట కొంచెం వెనక్కి తిప్పి, బయటి నట్టుతో లాక్ చేయండి.

రెండు పాదాలూ పెడల్ మీద, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. చెప్పులు వద్దు, కింద ఏం జరుగుతోందో అరికాలికి తెలియాలి. ఇప్పుడు చేయి పెట్టకుండా తొక్కి చూడండి. ఒకసారి ముందుకు పోతుంది, ఒకసారి వెనక్కి, ఒకసారి అసలు కదలదు. మీ తప్పేమీ కాదు. కడ్డీ సరిగ్గా పైకొసకు గానీ కిందికొసకు గానీ చేరినప్పుడు ఎంత తొక్కినా చక్రాన్ని నిలువుగా లాగడమో తోయడమో తప్ప తిప్పలేదు. ఆ రెండు చోట్లా చక్రం తన బరువుతో తనే దాటాలి. అందుకే పాత టైలర్లు ప్రతిసారీ కుడిచేత్తో పైచక్రాన్ని ఒక్క తోపు తోసి మొదలుపెడతారు.

ఇప్పుడు పైచక్రం లేదు కాబట్టి వంగి పెద్ద చక్రాన్నే తోయండి, దాని పైఅంచు మీ వైపుకు వచ్చేలా. బెల్ట్ మెలిక పడకుండా పోతుంది కాబట్టి పైచక్రం, కింద చక్రం రెండూ ఒకే దిక్కుకు తిరుగుతాయి, రేపు తల పెట్టాక కూడా ఇదే దిక్కు. చక్రం కదిలాక పాదం దాన్ని అనుసరించాలి, ముందుండి లాగకూడదు. వేళ్ళు, మడమ, వేళ్ళు, మడమ. ఊయల ఊపినట్టే, కిందికి దిగేటప్పుడు కాస్త తోపు, అంతే. మొదటి పది నిమిషాలు పిక్కలు పట్టేస్తాయి, ఎందుకంటే మనం అవసరానికి మించి తొక్కుతాం.

తిరగడం వచ్చాక ఆపడం నేర్చుకోండి. ఇది ఎవరూ చెప్పరు గానీ తొక్కుడు మిషన్‌లో సగం నైపుణ్యం ఇదే. పెడల్ పైకొస దాటి కొంచెం కిందికి వాలిన చోట ఆగేలా పాదం బిగించండి. అక్కడ ఆగితే మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చేయి సాయం లేకుండా సరైన దిక్కుకే పోతుంది. కొసలో ఆగితే చెయ్యి వేయాల్సిందే. పదిసార్లలో ఏడుసార్లు సరైన చోట ఆగగలిగితే ఈ పాఠానికి చాలు. దిక్కు తప్పి వెనక్కి తిరిగిందా, వెంటనే ఆపండి. దారం ఎక్కించాక వెనక్కి ఒక్క చుట్టు తిరిగినా షటిల్‌లో చిక్కు పడుతుంది కాబట్టి ఆ అలవాటు ఇప్పుడే పోవాలి.

చేతి మిషన్ వాళ్ళకు ఈ కాళ్ళ గొడవ లేదు. కుడిచెయ్యి హ్యాండిల్‌కే సరిపోతుంది, బట్ట భారమంతా ఎడమచేతిదే, దాన్ని దారం పాఠంలో చూద్దాం. మీరు మాత్రం హ్యాండిల్ పెట్టెలోని పళ్ళచక్రాలకు పాత గ్రీజు తుడిచి కొత్తది కాస్త పూయండి, నూనె కాదు, గ్రీజు.

తల దగ్గరికి వద్దాం. చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగాక పని అయిపోయిందని కిరసనాయిలుతో వదిలేయకండి. అది జిగురు కరిగిస్తుంది గానీ ఇనుమును కాపాడదు, ఆరిపోయాక ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాల సంగతీ అంతే. కారినంత తుడిచి, నీళ్ళలా తేటగా ఉండే మిషన్ ఆయిల్ అన్ని చోట్లా వేసి యాభై చుట్లు తిప్పండి. సందుల్లోంచి కాఫీ రంగు మడ్డి కారుతుంది. తుడవండి, మళ్ళీ నూనె, మళ్ళీ యాభై. మూడోసారో నాలుగోసారో కారే నూనె తేటబడుతుంది. సూది కడ్డీ కింద గుడ్డ పెట్టి రాత్రంతా వదిలేయండి.

చక్రం మధ్య బిళ్ళ పూర్తిగా విప్పినవాళ్ళకు ఒక మాట. లోపల చెవులున్న వాషర్ ఒకటి ఉంటుంది. తిరిగి బిగించాక బిళ్ళ గట్టిపడినా షాఫ్ట్ తిరగకపోతే, లేదా వదులు చేసినా షాఫ్ట్ ఆగకపోతే, వాషర్‌ను అర చుట్టు తిప్పి పెట్టండి. మిషన్ పాడైందని భయపడే వాళ్ళలో చాలామందికి ఉన్న జబ్బు ఇదే.

తరువాతి పాఠానికి తోలు బెల్ట్, రెండు రంగుల దారం, మీ మిషన్‌కు సరిపడే కొత్త సూదులు కావాలి. ఇప్పుడే కొనకండి. ఫుట్ ఎత్తి, షటిల్ పెట్టి, పైచక్రం మీద ఒక్క చూపుడువేలు ఆనించి తిప్పండి. చుట్టు మొత్తం ఒకే బరువుతో తిరిగితే కొనండి. ఎక్కడో ఒక చోట వేలికి బరువు తగిలితే అక్కడ ఆపి, సూది కడ్డీ పైన ఉందా కింద ఉందా చూడండి, ఆ సమయంలో కదులుతున్న భాగంలోనే జిగురు మిగిలి ఉంది.